ఏటి మేటి ఎవరు? చూసినవాళ్లు రాసుకున్న చరిత్ర

ఈ స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, ఇంజనీరును కాబట్టి చెరువుల గురించో కాలువల గురించో రాస్తానని అనుకొని ఉంటారు. చెరువు కూడా వస్తుంది, కాని కాస్త ఆగి వస్తుంది. ముందు ఫుట్‌బాల్ గురించి రాస్తాను. అందులోనూ గోల్స్ గురించి, కప్పుల గురించి కాదు. సీజన్ ముగిశాక ఒక ఆటగాడిని పిలిచి, ‘ఈ ఏడాది మా మేటివి నువ్వే’ అని అభిమానుల సంఘాలు ఇచ్చే చిన్న బహుమతి గురించి. ఆ బహుమతి చరిత్రలో మన బడికి పనికొచ్చే విషయం ఒకటుందని నా నమ్మకం. అదేమిటో చివర మనవి చేస్తాను.

మన బద్వేలుకూ ఫుట్‌బాల్‌కూ పెద్ద చుట్టరికం లేదు. మా కాలంలో బడిలో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. ఊళ్లోకి టీవీలు వచ్చాక క్రికెట్. అభిమానుల సంఘం అంటే మనకు గుర్తొచ్చేది సినిమా హాలు ముందు కటౌట్లు, పూలదండలు, పాలాభిషేకాలు. ఇంగ్లండు లాంటి చోట్ల ఫుట్‌బాల్ అభిమానుల సంఘం వేరే రకం. సభ్యత్వ రుసుం, కార్యదర్శి, కోశాధికారి, సంవత్సరాంతపు సమావేశం, పొరుగూళ్ల పోటీలకు బస్సులు మాట్లాడుకోవడం. ఒకరకంగా అది మన పూర్వ విద్యార్థుల సంఘం లాంటిదే. ఆ సంఘాలు చేసే పనుల్లో ఎక్కువ కాలం నిలిచేది ఈ ఏటి ఆటగాడి ఎన్నిక.

ఎన్నుకునేది ఎవరు?

మేటి ఆటగాడిని తేల్చే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నకు ఫుట్‌బాల్ లోకం ఒక్కో కాలంలో ఒక్కో జవాబు చెప్పింది.

ముందుగా చెప్పింది పత్రికలవాళ్లు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ విలేఖరుల సంఘం 1948లో తొలిసారి ‘ఫుట్‌బాలర్ ఆఫ్ ది ఇయర్’ను ఎన్నుకుంది. ఆ గౌరవం స్టాన్లీ మాథ్యూస్‌కు దక్కింది. 1956లో ఫ్రాన్స్ ఫుట్‌బాల్ పత్రిక యూరప్ మొత్తానికి కలిపి ‘బాలన్ డోర్’ అనే బంగారు బంతి బహుమతి మొదలుపెట్టింది. పలు దేశాల విలేఖరులు ఒక్కొక్కరు ఐదు పేర్లు వరసగా రాసి పంపితే, మొదటి పేరుకు 5 మార్కులు, రెండో పేరుకు 4, అలా చివరి పేరుకు 1 చొప్పున కూడారు. అక్కడా తొలి విజేత మాథ్యూసే. అప్పుడాయన వయసు 41. ఆయనకు 47 మార్కులు, రెండో స్థానంలో ఉన్న డి స్టెఫానోకు 44. మూడు మార్కుల తేడా. మన పదో తరగతి ఫస్టు ర్యాంకు తగాదాలు గుర్తొస్తాయి.

తర్వాత ఆటగాళ్లే ముందుకొచ్చారు. ‘మాలో ఎవరు మేటో మాకు తెలియదా’ అని ఇంగ్లండు వృత్తి ఆటగాళ్ల సంఘం 1974 నుంచి తన బహుమతి ఇవ్వసాగింది. మొదట అందుకున్నది లీడ్స్ జట్టు రక్షకుడు నార్మన్ హంటర్. తనను ఎదుర్కొన్నవాళ్లే తనకు ఓటేయడం ఎంత గౌరవమో వేరే చెప్పనక్కరలేదు.

ఈ రెంటికీ పక్కనే, పెద్దగా ఎవరూ పట్టించుకోని మూడో రకం ఎన్నిక నడుస్తూ వచ్చింది. అది టికెట్ కొనుక్కొని, వానలో తడిసి, ఓడినా వచ్చేవారం మళ్లీ వచ్చి నిలబడే మనుషుల ఎన్నిక.

తూర్పు లండన్‌లో వెస్ట్‌హామ్ యునైటెడ్ అనే జట్టు ఉంది. 1895లో థేమ్స్ నది ఒడ్డున ఓడలు కట్టే ఇనుప కర్మాగారం కార్మికుల జట్టుగా పుట్టింది. అందుకే దాని గుర్తు రెండు సుత్తులు. 1958లో ఆ జట్టు రెండో డివిజన్‌లో మొదటి స్థానం తెచ్చుకొని, 26 ఏళ్ల తర్వాత మళ్లీ పై డివిజన్‌కు ఎక్కింది. ‘హామర్ ఆఫ్ ది ఇయర్’ అనే అభిమానుల ఎన్నిక మొదలైందీ ఆ ఏడాదే. గోల్స్ కొట్టినవాళ్లు వేరే ఉన్నారు. అభిమానులు మాత్రం ఆండీ మాల్కమ్‌ను ఎన్నుకున్నారు. ఆయన పని ఎదుటి జట్టులో ప్రమాదకరమైన ఆటగాడిని నీడలా వెంబడించి బంతి అందనీయకపోవడం. ఆ పని సరిగ్గా చేస్తే పత్రికలో రాయడానికి ఏమీ మిగలదు. ఏమీ జరగనీయకపోవడమే ఆ మనిషి గొప్ప. అది మైదానం పక్కన 90 నిమిషాలు నిలబడి చూసినవాడికే తెలుస్తుంది.

చిట్టా చెప్పే సంగతి

1967లో ఆర్సెనల్ అభిమానుల సంఘమూ, చెల్సీ అభిమానులూ తమ తమ మేటి ఆటగాళ్లను ఎన్నుకోవడం మొదలుపెట్టారు. ఆర్సెనల్‌లో ఫ్రాంక్ మెక్‌లింటాక్, చెల్సీలో గోల్‌కీపర్ పీటర్ బొనెటీ మొదటివాళ్లు. మాంచెస్టర్ యునైటెడ్‌లో ఇలాంటి అభిమానుల బహుమతి 1988లో బ్రయన్ మెక్‌క్లెయిర్‌తో మొదలైంది. దానికి ఇప్పుడున్నది ఆ జట్టును నిర్మించిన గురువు మాట్ బస్బీ పేరు.

ఈ చిట్టాలను పక్కపక్కన పెట్టి చూడటం నాకొక అలవాటు. 1971లో ఆర్సెనల్ లీగునూ, ఎఫ్.ఎ. కప్పునూ ఒకే సీజన్‌లో గెలిచింది. ఆ ఏడాది విలేఖరులు ఎన్నుకున్నది జట్టు కెప్టెన్ మెక్‌లింటాక్‌ను. అదే ఏడాది అదే జట్టు అభిమానులు ఎన్నుకున్నది గోల్‌కీపర్ బాబ్ విల్సన్‌ను. ఈ విల్సన్ ఉపాధ్యాయ శిక్షణ పొంది, బడిపిల్లలకు పాఠాలు చెప్పి, జీతం తీసుకోని అమెచ్యూర్‌గా ఆర్సెనల్‌లో చేరిన మనిషి. ఈ సంచిక చదివే మన సార్లకు ఆ సంగతి సంతోషం కలిగిస్తుందనుకుంటాను. ఎవరి తీర్పు సరైంది? రెండూ సరైనవే. విలేఖరులు దేశమంతా తిరిగి చూశారు, వాళ్లకు నాయకుడు కనిపించాడు. అభిమానులు ఒక్క జట్టునే ఏడాది పొడవునా చూశారు, వాళ్లకు గోడలా నిలబడినవాడు కనిపించాడు.

నాలుగేళ్ల తర్వాత, 1974-75 సీజన్‌లో, ఆర్సెనల్ చతికిలబడి 16వ స్థానంలో ముగించింది. పత్రికల పెద్ద బహుమతులు అలాంటి జట్టు వైపు చూడవు. అభిమానులు మాత్రం ఎన్నిక మానలేదు. గోల్‌కీపర్ జిమ్మీ రిమ్మర్‌ను ఎన్నుకున్నారు. చెడ్డ ఏడాదిలో కూడా ఒకడు తన పని తాను చేశాడని వాళ్లు రాసిపెట్టారు. కరువు ఏడాదుల్లో ఎవరు ఎలా నిలబడ్డారో గుర్తుంచుకునే సీమవాళ్లం కాబట్టి, మనకు ఈ సంగతి తొందరగా అర్థమవుతుంది.

బాలన్ డోర్ మొదలై దాదాపు 70 ఏళ్లయింది. ఇన్నేళ్లలో దాన్ని అందుకున్న గోల్‌కీపర్ ఒక్కడే, 1963లో సోవియట్ యూనియన్‌కు చెందిన లెవ్ యాషిన్. వెస్ట్‌హామ్ అభిమానుల చిట్టా ఒక్కటి తీసుకుంటే అందులో ఫిల్ పార్క్స్, లూడెక్ మిక్లోష్కో, షాకా హిస్లప్, రాబర్ట్ గ్రీన్, లుకాష్ ఫాబియాన్‌స్కీ, ఇలా గోల్‌కీపర్లే పలువురు కనిపిస్తారు. ఎన్నుకునే చేతులు మారితే చరిత్రలో నిలిచే పేర్లు మారతాయి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. తక్కినవన్నీ దీనికి రుజువులు.

మన హైదరాబాద్ కథ

ఇక మన దగ్గరికి వద్దాం. ఈ తరం పిల్లలు నమ్మరుగాని, ఒకప్పుడు భారతదేశపు ఫుట్‌బాల్‌కు కలకత్తాతో సమానంగా నిలిచిన ఊరు హైదరాబాద్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57లోనూ, 1957-58లోనూ తెచ్చుకుంది. ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో మళ్లీ గెలిచాం.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అంతకుముందు మన కడప జిల్లా మద్రాసు కింద, తర్వాత కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో ఉండేది. హైదరాబాద్ మనకు పొరుగు రాష్ట్రం. సరిగ్గా నెల తర్వాత, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. బొంబాయికి చెందిన నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. చివరికి మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత్ చేరిన ఎత్తు ఇప్పటికీ అదే. ఆ బృందంలో పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, తులసీదాస్ బలరాం, వీళ్లంతా హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల్లో ఎదిగినవాళ్లు. కొత్త రాష్ట్రం పుట్టిన ఏడాదిలోనే మన రాష్ట్రంవాళ్లు ప్రపంచంలో నాలుగో స్థానంలో నిలిచారు. ఆ సంగతి మన బడిలో ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చదవలేదు.

వీళ్లలో మేటి ఎవరు? ప్రభుత్వం చెప్పిన జవాబు ఒకటుంది. 1961లో అర్జున పురస్కారాలు మొదలయ్యాయి. ఫుట్‌బాల్‌లో మొదటిది బెంగాల్ తరఫున ఆడిన పి.కె. బెనర్జీకి వచ్చింది. మరుసటి ఏడు 1962లో బలరాంకు. తర్వాత మన హైదరాబాదీల్లో 1966లో యూసుఫ్ ఖాన్‌కు, 1967లో తంగరాజ్‌కు, 1970లో సయ్యద్ నయీముద్దీన్‌కు, 1980లో మహమ్మద్ హబీబ్‌కు ఆ గౌరవం దక్కింది. గొప్ప పట్టికే. కాని అర్జున మొదలయ్యేనాటికి సిటీ పోలీస్ ఐదు రోవర్స్ కప్పుల కాలం గడిచిపోయింది. 1950, 51, 52, 53, 54, ఈ ఐదేళ్లలో ఏ ఏడాది ఎవరు జట్టును మోశారని అడిగితే కప్పుల లెక్క చూపగలం, స్కోర్లు చెప్పగలం. మైదానం గట్టు మీద కూర్చొని చూసినవాళ్లు ‘ఈ ఏడు ఫలానావాడు’ అని రాసిపెట్టిన పుస్తకం మాత్రం మన చేతిలో లేదు. ఆ ప్రేక్షకులు ఇరానీ హోటళ్లలో చాయ్ చల్లారిపోయేదాకా వాదించుకునే ఉంటారు. ఆ వాదన అక్కడే ముగిసింది. వాళ్లు పోయారు, వాళ్ల తీర్పూ వాళ్లతోనే పోయింది.

బలరాం సంగతి చూడండి. 1936లో సికింద్రాబాద్ అమ్ముగూడలో ఒక తమిళ కుటుంబంలో పుట్టాడు. రైడర్స్ క్లబ్‌లో ఆడి, కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో పి.కె. బెనర్జీ, చున్నీ గోస్వామి, బలరాం ముగ్గురూ ముందువరస ఆటగాళ్లు. ఆ కాలం వాళ్లు ముగ్గురి పేర్లూ కలిపే చెప్పేవాళ్లు. ఊపిరితిత్తుల జబ్బు వల్ల బలరాం 27 ఏళ్లకే ఆట మానవలసి వచ్చింది. గోస్వామికి 1983లో, బెనర్జీకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. ఆ బాధ ఆయన దాచుకోలేదు కూడా. 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు. ప్రభుత్వ గౌరవం కోసం దరఖాస్తులు, సిఫార్సులు, కమిటీలు కావాలి. అభిమానుల గౌరవానికి అవేవీ అక్కరలేదు. ఆడిన ఏడాదే ఇవ్వవచ్చు. ఆటగాడి కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే చేతికి అందుతుంది.

రహీం సారు

ఆ హైదరాబాద్ జట్ల వెనకా, 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల రెండు స్వర్ణాల వెనకా ఉన్నది ఒక్క మనిషి, సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తి ఏమిటంటే బడిపంతులు. ఉస్మానియాలో చదువుకొని, కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్‌లలో పాఠాలు చెప్పాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా కూడా చాలా ఏళ్లు పనిచేశాడు.

ఆయన పెట్టిన పోటీలు చూస్తే ఉపాధ్యాయుడి బుర్ర ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. ఒక పోటీలో బంతిని డ్రిబ్లింగ్ చేయకూడదు, అందగానే తోటివాడికి పంపాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి, కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో. సొంత గొప్పలు చూపించుకునే అవకాశం తీసేసి, జట్టుగా ఆడటం నేర్పించాడన్నమాట. జకార్తా ఫైనల్లో 1962 సెప్టెంబరు 4న మన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించేనాటికి ఆయన్ను కేన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న పోయాడు.

శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. రహీం సారు పోయి అప్పటికి 22 ఏళ్లు. హైదరాబాదీ నయీముద్దీన్‌కు 1990లో ద్రోణాచార్య వచ్చింది. రహీం సారు కొడుకు, 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన ఎస్.ఎస్. హకీంకు 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది. 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చాక దేశంలో చాలామంది రహీం పేరు మొదటిసారి విన్నారు. ఒక మాస్టారి పేరు జనానికి చేరడానికి 60 ఏళ్లు, ఒక పెద్ద సినిమా కావలసి వచ్చింది. ఏటా ఒక పేరు రాసుకునే అలవాటు ఉన్నచోట ఇంత ఆలస్యం జరగదు.

జట్టు వెళ్లిపోతే?

ఈ మధ్యకాలపు ముచ్చట ఒకటి చెప్పాలి. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే జట్టు ఏర్పడి ఇండియన్ సూపర్ లీగ్‌లో చేరింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం దాని ఇల్లు. ‘డెక్కన్ లీజియన్’ పేరుతో అభిమానుల సంఘం కూడా ఏర్పడింది. వెంటనే కరోనా వచ్చి, 2020-21, 2021-22 సీజన్లు గోవాలో నడిచాయి. సొంత ఊరి జనం సొంత మైదానంలో కూర్చొని చూడలేని పరిస్థితి. ఆ కాలంలోనే, 2022 మార్చి 20న ఫతోర్దా మైదానంలో హైదరాబాద్ జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి లీగు ఛాంపియన్ అయింది. 1-1తో సమానమయ్యాక పెనాల్టీల్లో 3-1.

ఆ సీజన్‌లో 18 గోల్స్‌తో లీగు మొత్తానికి ఎక్కువ కొట్టినవాడు హైదరాబాద్‌కు ఆడిన నైజీరియా వాడు ఓగ్‌బెచె. బంగారు బూటు ఆయనకే. ఫైనల్ పెనాల్టీల్లో మూడు ఆపినవాడు గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. ఏటి మేటి ఎవరంటే మీరు ఎవరికి ఓటేస్తారు? ఈ వ్యాసం ఇందాకా చదివినవాళ్లలో సగంమందైనా కట్టిమణి వైపు మొగ్గుతారని పందెం కాస్తాను.

తర్వాతి కథ విచారకరం. డబ్బు ఇబ్బందుల్లో పడి జట్టు చెదిరిపోయింది. 2025లో ఆ జట్టు పేరే మారి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా ఢిల్లీకి తరలిపోయింది. యజమానులు జట్టును ఒక ఊరినుంచి ఇంకో ఊరికి తీసుకుపోగలరు. ఫలానా ఏడు ఫలానావాడు మా మేటి అని అభిమానులు రాసిపెట్టుకున్న పేరును మాత్రం ఎవరూ తరలించలేరు. ఇంగ్లండు సంఘాల చిట్టాలు అన్నేళ్లు నిలిచాయంటే కారణం అదే. అవి యజమానుల సొత్తు కావు.

పోరుమామిళ్ల రాయి

ఇప్పుడు నేను మాట ఇచ్చిన చెరువు దగ్గరికి వద్దాం. మన బద్వేలుకు ఉత్తరాన పోరుమామిళ్ల చెరువు ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూర కట్టించాడు. 1369 నాటి సంస్కృత శాసనం దానికి సాక్ష్యం. నీటిపారుదల చదువుకున్న ప్రతి ఇంజనీరూ ఆ శాసనం గురించి వినే ఉంటాడు. ఎందుకంటే మంచి చెరువుకు కావలసిన 12 అంగాలేమిటో, చెరువుకు వచ్చే 6 దోషాలేమిటో అందులో చెక్కించారు. రెండేళ్లపాటు రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని కూడా ఉంది. రాజుగారి కొడుకు పేరు ఉంది, కూలీల సంఖ్య ఉంది. ఆ వెయ్యిమందిలో ఒక్కడి పేరు లేదు.

ఆ శాసనం చూసినప్పుడల్లా నాకు రెండు విషయాలు తోస్తాయి. రాసిపెట్టినది 650 ఏళ్లు దాటినా నిలుస్తుంది. రాయించేవాడు ఎవరైతే, వాడికి కనిపించిన పేర్లే నిలుస్తాయి.

శాసనం పద్ధతిలోనే ఏటి ఆటగాడి ఎన్నికకూ అంగాలు, దోషాలు చెప్పుకోవచ్చు. ఇన్ని చిట్టాలు చూశాక నాకు అర్థమైనవి ఇవి. ఓటు చూసినవాడికే ఉండాలి. ఓట్లు లెక్కించేది ఒకరు, సరిచూసేది ఇంకొకరు కావాలి. ఏ ఏడాదీ ఎన్నిక ఆపకూడదు, ఓడిన ఏడాది అసలే ఆపకూడదు. పేరుతోపాటు ఎందుకు ఎన్నుకున్నామో రెండు వాక్యాలు రాయాలి.

దోషాల్లో మొదటిది, చివర్లో ఆడినవాడే గుర్తుండటం. జూలైలో గెలిపించినవాడిని ఫిబ్రవరిలో మరిచిపోతాం. దీనికి విరుగుడు సులభం. ప్రతి పోటీ అయ్యాక ముగ్గురికి 3, 2, 1 చొప్పున మార్కులు వేసి ఏడాది చివర కూడాలి. రెండో దోషం, ఓట్లు ఆట చూసి కాక మనిషిని చూసి పడటం. మన ప్రాంతంలో ఎన్నిక అనగానే ఎవరి వర్గం, ఎవరి ఇంటివాడు అనే మాట వస్తుంది. ఏడాది పొడవునా చిన్న చిన్న లెక్కలుగా ఓటు పడితే ఆ తాకిడి తగ్గుతుంది. మూడోది, బహుమతి పెద్దదైపోవడం. డబ్బు పెరిగేకొద్దీ తగాదా పెరుగుతుంది.

మన బడికి ఒక మనవి

మా బ్యాచ్ చదివే రోజుల్లో వాలీబాల్ జట్టులో ఒక లిఫ్టర్ ఉండేవాడు. తెలియనివాళ్లకు చెబుతున్నాను, వాలీబాల్‌లో నెట్టు మీదినుంచి బంతిని బాదేవాడికి చప్పట్లు వస్తాయి. ఆ బంతిని సరైన ఎత్తులో, సరైన క్షణంలో లేపి ఇచ్చేవాడు లిఫ్టర్. మావాడు బంతిని ఎక్కడికి లేపుతాడో ఎదుటి జట్టుకు చివరిదాకా తెలిసేది కాదు. తాలూకా పోటీల్లో గెలిచి వచ్చినప్పుడు ప్రార్థన సమయంలో ముందుకు పిలిచింది బాదినవాడిని. గులకరాళ్లు నిండిన ఆ గ్రౌండు చుట్టూ నిలబడి చూసిన మా అందరికీ మాత్రం మేటి ఎవరో తెలుసు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ లిఫ్టర్ పదో తరగతి తప్పి చదువు మానేశాడు. పాసైనవాళ్ల జాబితాలో లేడు, ర్యాంకుల బోర్డు మీద లేడు, మన సంఘం సభ్యుల చిరునామాల పుస్తకంలోనూ లేడు. ఈ బడికి అతను తెచ్చిన గెలుపు మాత్రం ఉంది.

స్వర్ణోత్సవం గుర్తుగా ఏం కట్టాలని సంఘంలో చర్చ నడుస్తోంది. ఆర్చీ అన్నారు, వేదిక అన్నారు, వాటర్ ప్లాంటు అన్నారు. అన్నీ మంచివే, నా వంతు చందా వాటికీ ఇస్తాను. వాటితోపాటు ఖర్చులేని పని ఒకటి చేద్దామని నా మనవి. వచ్చే విద్యా సంవత్సరం నుంచి ప్రతి ఏడాదీ ‘ఏటి ఆటగాడు’, ‘ఏటి ఆటగత్తె’ అని ఇద్దరిని ఎన్నుకుందాం. ఎన్నుకునేది సార్లు కాదు, దాతలు కాదు, సంఘం కార్యవర్గం అసలే కాదు. ఆట చూసిన పిల్లలు. డ్రిల్లు సారు దగ్గర ఒక రిజిస్టరు, ప్రతి పోటీ తర్వాత తరగతికి ఇద్దరు ప్రతినిధుల మార్కులు, ఫిబ్రవరిలో కూడిక. కూడిక ఒక సారు చూస్తే, సరిచూడటానికి సంఘం నుంచి ఒకరం వస్తాం. బహుమతి ఒక పుస్తకం, ఒక కండువా చాలు. దాత పేరు దానికి తగిలించవద్దు.

ఆ రిజిస్టరులో ఏడాదికి ఒక పేజీ. పేరు, ఆట, ఎందుకు ఎన్నుకున్నారో పిల్లల మాటల్లోనే రెండు వాక్యాలు. ఆ పిల్లవాడు తర్వాత పరీక్ష తప్పినా, ఊరు విడిచి వలస పోయినా, పేజీ చించకూడదు. మొదటి పది పేజీల మీద ఎవరికీ పెద్ద ఆసక్తి ఉండకపోవచ్చు. యాభై పేజీలయ్యేసరికి అది ఈ బడి చరిత్ర అవుతుంది, అదీ గట్టు మీద నిలబడి చూసినవాళ్లు రాసిన చరిత్ర.

సంఘం సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. రిజిస్టరు నేను కొని తెస్తాను. మంచి గట్టి అట్టది, 200 పేజీలది.